ఉద్దానంలో చీనా తెర

ఆ ప్రయాణం నుంచి వచ్చి నెల్లాళ్లు దాటింది, నా కోపం మాత్రం తగ్గలేదు. తగ్గాక రాద్దామనుకున్నాను. తగ్గితే అసలు రాయనేమోనని ఇప్పుడే కూర్చున్నాను. మా గోదావరి జిల్లా వాళ్లు పూరీ వెళ్తూ పలాస స్టేషన్లో కిటికీలోంచి తల బయటపెట్టి, కొబ్బరిబొండాం తాగి, మళ్లీ పడుకుంటారు. ఆ స్టేషనుకి తూర్పున, ఉద్దానంలో, ఏముందో అడిగినవాణ్ణి నేను చూడలేదు. వెళ్లనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నేను బళ్లో చరిత్ర చెబుతాను. కాకినాడలో ఒక దొర సామాను వేలం వేసినప్పుడు గుడ్డకి అంటించిన పెద్ద పటాల కట్ట నాకు దొరికింది. అన్నీ పాత చీనా దేశానివి. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందట అక్కడివాళ్లు అచ్చు వేసిన తీరు, దిక్సూచి, మందుగుండు, పరీక్షల చావడి, బౌద్ధ భిక్షువుల మఠాలు. ఆ పటాలు పట్టుకుని ఊళ్లలో ఉపన్యాసాలు చెబుతుంటాను. "ఎక్కడో ఉన్న చీనావాళ్ల గొడవ మీకెందుకండీ, ఇంట్లో బియ్యం నిండుకున్నాయి" అంటుంది మా ఆవిడ. ఆమె కోపం వేరే.

టెక్కలి

నౌపడాలో పెద్ద రైలు దిగి టెక్కలికి చిన్న రైలెక్కాలి. ఎంత చిన్నదంటే, గాలికి నా గొడుగు కిటికీలోంచి ఎగిరిపోతే గార్డు బండి ఆపించి, తనే దిగి తెచ్చిచ్చాడు. "మరోపాలి గట్టిగా అట్టుకోండి బాబూ, ప్రతీసారీ ఆపలేం" అని మందలించాడు కూడా. ఆ ప్రయాణం మొత్తంలో నాకు కోపం తెప్పించని ప్రభుత్వోద్యోగి అతనొక్కడే.

టెక్కలి బడిలో ఉపన్యాసానికి ప్లీడర్లు, గుమాస్తాలు, మేస్టర్లు వచ్చారు. మట్టితో అక్షరాలు చేసి కాల్చి, వాటిని వరసగా పేర్చి అచ్చు వేసిన చీనా పనివాడి గురించి చెబుతున్నాను. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి, "ఇవన్నీ మన పురాణాల్లో ఉన్నవే కదండీ" అన్నాడు. ఏ పురాణంలో ఉందో చెప్పమన్నాను. "ఉండే ఉంటుంది" అని కూర్చుని తాంబూలం నవిలాడు. నాకు ఒళ్లు మండింది. ఒకడు చెమటోడ్చి చేసిన పనిని కూర్చున్నచోటు నుంచి కదలకుండా తన ఖాతాలో వేసుకునే మనిషిని నేను క్షమించలేను.

తరవాత పరీక్షల పటం విప్పాను. పాత చీనాలో అధికారి కావాలంటే పరీక్ష రాయాలి. దిద్దేవాళ్లకి ఎవరి కాగితమో తెలియకుండా పేరున్న చోట ఇంకో కాగితం అంటించేవారు. చేతిరాత చూసి పోల్చుకుంటారేమోనని గుమాస్తాల చేత అన్నిటికీ నకళ్లు రాయించి, ఆ నకళ్లనే దిద్దించేవారు. మన వాడా, మేనల్లుడా, జమీందారు కొడుకా అన్న ప్రశ్నకి చోటు లేకుండా చెయ్యాలని వాళ్లు పడ్డ తంటా అది. ఆడవాళ్లని దగ్గరికి రానివ్వలేదనీ, కొన్ని పనులు చేసేవాళ్ల కొడుకుల్ని చాలాకాలం రాయనివ్వలేదనీ కూడా చెప్పాను. చీనా అంటే స్వర్గమని చెప్పడానికి నేను వెళ్లలేదు.

సభ అయ్యాక కోర్టు పనిమీద వచ్చిన ఉద్దానం పెద్దరైతు ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. ఆయన్ని నాయుడుగారనే అంటాను. ఆయన ఊరి పేరు కూడా రాయను. రాస్తే పత్రికలో పడ్డామని సంతోషిస్తారు.

"మేస్టారూ, మా ఊళ్లో లైబ్రరీ ఎట్టాం. పేపరు సదివీ మనిషిని ఏర్పాటు సెయ్యాల. ఇద్దరు అడగతన్నారు. ఎవుణ్ని అంటే ఏటి తగువో! మీరొచ్చి ఆ చీనా పరీచ్చ ఎట్టి తేల్చియ్యండి" అన్నాడు.

నా ఆనందం చెప్పలేను. ఇన్నేళ్లలో నా ఉపన్యాసం విని ఏదైనా చెయ్యాలనుకున్న మొదటి మనిషి ఆయన. వెంటనే ఒప్పుకున్నాను.

నౌపడా

మర్నాడు పలాస బండి కోసం నౌపడాలో ఎదురుచూస్తున్నాను. ఉప్పు మళ్లు ఎండకి కళ్లు చెదిరేలా మెరుస్తున్నాయి. కట్ట వార నేల మీద తేలిన ఉప్పుని ఒక ముసలమ్మ కొంగులోకి గీకుతుంటే ఉప్పు కాపలావాడు ఈలవేస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఆమె కొంగు విప్పించి అంతా కిందపోయించి, కాలితో మట్టిలో కలిపేశాడు.

"నేలమీద పుట్టిందాన్ని తొక్కేత్తన్నావు. నీ కూట్లో ఉప్పెయ్యరేటిరా" అంది ముసలమ్మ.

నేను కలగజేసుకున్నాను. ఉప్పుని సర్కారు సొత్తు చేసే తెలివి చీనా రాజులకి ఎప్పుడో ఉందనీ, చివరికి దొంగతనంగా ఉప్పు అమ్ముకునేవాడొకడు జనాన్ని కూడగట్టి రాజధానినే పట్టుకున్నాడనీ వాడికి చెప్పాను. వాడు శ్రద్ధగా విని, "అయితే ఆ కాపలావోడి ఉజ్జోగం పోయుంటాది పాపం" అన్నాడు. ముసలమ్మ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కాశీబుగ్గ

పలాసలో దిగి కాశీబుగ్గ బజారుకి నడిచాను. సంత రోజు. పనసకాయలు, ఎండుచేపలు, తాటి చాపలు, కొండల మీంచి దిగినవాళ్లు తెచ్చిన పసుపు. ఒక పాకలో ఇడ్డెన్లు తిని కాగితపు రూపాయి ఇచ్చాను. అవి వచ్చిన కొత్త. దుకాణంవాడు దాన్ని ఎండకి పట్టి చూసి, వెనక్కి తిప్పి చూసి, నా చేతిలో పెట్టేశాడు.

"ఇది నానేటి సేసుకోను బాబూ? తడిత్తే పోద్ది, కాల్తే పోద్ది. రూపాయంటే మోగాల."

చీనాలో మనకంటే ఎన్నో వందల ఏళ్ల ముందే కాగితపు డబ్బు నడిచిందని చెప్పబోయాను. చివరికి రాజులు ఆశపోతుతనంతో లెక్కలేకుండా అచ్చువేసి దాన్ని చెత్త చేశారన్నది కథలో రెండో సగం. ఆ సగం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. పక్కనున్న కోమటి చిల్లర తక్కువ చేసి మార్చిపెట్టాడు. దొర బొమ్మ ఉన్న కాగితానికి దొర రాజ్యంలోనే పూర్తి విలువ లేకపోవడం ఎవరి తప్పో నాకు తెలియలేదు. కోపం మాత్రం కోమటి మీదే వచ్చింది.

బండి దారి

నాయుడుగారు పంపిన ఎడ్లబండి సిద్ధంగా ఉంది. తోలేవాడు లచ్చన్న, మాటకారి. కాశీబుగ్గ దాటి సముద్రం వైపు తిరిగితే కాసేపటికి ఎండే కనబడదు. కొబ్బరి కింద పనస, పనస కింద అరటి, ఇసక మిట్టల మీద జీడిమామిడి. మా గోదావరి లంకల్లో పచ్చదనం వరదనీళ్లు తెచ్చిచ్చింది. ఇక్కడ అలా కాదు. ఇసకలో గోతులు తవ్వి, కుండలతో నీళ్లు మోసి పెంచారు. ఇంత పచ్చదనం ఇంత కష్టంతో చేసినవాళ్లని చూసి నాకు గౌరవం కలిగింది. తరవాత జరిగింది తలుచుకుంటే ఆ గౌరవాన్ని ఏం చెయ్యాలో తెలియడం లేదు.

దారిలో లచ్చన్న తన చోడి అంబలి, అదే రాగి జావ, నాకూ పోశాడు. నంజుకోవడానికి కాల్చిన ఎండుమిరపకాయ. మా వైపు అతిథికి ఇలాంటిది పెడితే చుట్టాలు విడిపోతారు. నేను మాత్రం రెండోసారి అడిగి పోయించుకున్నాను.

"చదివే పనికి వచ్చిన ఆ ఇద్దరెవరు?" అని అడిగాను.

"ఒకడు కరణంగోరి అల్లుడు బాబూ, జగన్నాథం. పురానం బాగా సదువుతాడు. రెండోవోడు జాలరిపేట ఎర్రయ్య. రంగంలో ఉండొచ్చాడు. అక్కడే రాత్రి బళ్లో సదూకున్నాడట."

రంగం అంటే రంగూను. ఆ తీరంలో మనిషిని పంపని ఇల్లు లేదు. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి స్టీమరెక్కి పోతారు. ఉత్తరాలు ఎప్పటికో వస్తాయి, కొన్నిసార్లు రావు.

"ఎర్రయ్యకి ఆ పని ఎందుకు?"

"తమ్ముడు రంగంలోనే ఉన్నాడు కదా. ఈ సుట్టుపక్కల పేపరొచ్చేది ఆ లైబ్రరీకే. సదివీవోడి సేతికే పేపరిత్తారు. ఆడి సేతికొత్తే పేటలో ఆడోళ్లందరికీ రంగం కబురు తెలుత్తాది. ఇప్పుడు అడిగితే రేపు రమ్మంటారు. రేపెల్తే పొట్లాలు కట్టేశామంటారు."

మరి నాయుడుగారు అతన్ని రానిచ్చిందెందుకని అడిగాను. లైబ్రరీ పాకకి దూలం దొరక్కపోతే జాలర్లు పడవ కొయ్య ఇచ్చారట. దూలం తీసుకున్నాక కాదనడానికి నాయుడుగారికి నోరు రాలేదు. కాదనడానికి నన్ను తెప్పించారని నాకు అప్పుడు తట్టలేదు.

పటాల ముందు

ఊళ్లో మర్యాదలకి లోటు లేదు. కొబ్బరికోరు, బెల్లం, పనసపిక్కల కూర, రాగి చెంబు నిండా మజ్జిగ. లైబ్రరీ అంటే నాయుడుగారి ఇంటి పక్కన తాటాకు పాక, లోపల తాళం వేసిన బీరువా, ముందు ఎత్తైన అరుగు. అరుగు మీద పీట. పీట మీద మొన్ననే వచ్చిన వారపత్రిక. దాని నాలుగు మూలలా పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు పడ్డచోట బియ్యం ధర చదవడానికి వీల్లేదు.

వాళ్ల వాడుక నాకు అప్పుడు అర్థమైంది. పురాణం చదివేవాడు పీట మీద కూర్చుంటాడు, వినేవాళ్లు ఎంత పెద్దవాళ్లయినా కింద కూర్చుంటారు, మొదటి తాంబూలం అతనికే. అచ్చులో వచ్చింది కదా అని పేపరుకీ ఆ మర్యాదే చేశారు.

మర్నాడు మధ్యాహ్నం పటాలు కట్టాను. ఊరివాళ్లు పందిరి కింద, జాలరిపేట ఆడవాళ్లు కంచె అవతల నిలబడి చూశారు. లోపలికి రమ్మని రెండుసార్లు పిలిచాను. వాళ్లు నాయుడుగారి ముఖం చూసి అక్కడే ఉండిపోయారు. సముద్రదేవత పటం విప్పాను. ఆమె చీనా తీరంలో జాలరుల పిల్ల అంటారు. గాలివానలో పడవల్ని కాపాడిందని ఓడలవాళ్లు కొలిస్తే, చక్రవర్తులు వరసగా ఆమెకి బిరుదులిచ్చారు. కంచె అవతల ఒక్కసారిగా కలకలం రేగింది.

"మా పిల్లకి రాజుగోరు దణ్ణమెట్టినాడా?" అని ఒకామె కేకేసింది. ఎర్రయ్య తల్లి నూకమ్మ అట.

"పెట్టాడమ్మా."

"మరి మీ నాయుడుగోరితో సెప్పండి బాబూ" అంది. ఆడవాళ్లు పగలబడి నవ్వారు. కరణంగారు దగ్గి, తరవాతి పటం వెయ్యమన్నారు. అందులో పాదాలు కట్టేసిన చీనా ఆడపిల్ల ఉంది. పాదాలు చిన్నవిగా ఉంటేనే అందమని పసితనంలోనే ఎముకలు వంచి గుడ్డతో బిగించేవారని చెప్పాను. నూకమ్మ నవ్వు ఆపేసింది. "అలగ కట్టీసిన సేతులిరిగిపోను! గంప మోసీదెవులు మరి?" అంది. అది చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ వచ్చే కోపాన్ని నాకంటే బాగా ఆమె చెప్పింది.

తెర

పేరు దాస్తే చాలదు. ఇది గొంతుతో చేసే పని. అందుకని చీనావాళ్ల కిటుకుని ఇలా మార్చాను. అరుగు మీద తెర కట్టాలి. ఇద్దరూ తెర వెనక ఒకరి తరవాత ఒకరు ఒకే భాగం చదవాలి. ఊళ్లో అందరికీ అందరి గొంతులూ తెలుసు, నా ఒక్కడికే తెలియవు కాబట్టి తీర్పు నాది. ముందెవరో వెనకెవరో లచ్చన్న పుల్లలు తీయించి తేలుస్తాడు. నాయుడుగారు, కరణంగారు నా తెలివిని మెచ్చుకున్నారు.

అంత వెడల్పు గుడ్డ ఊళ్లో దొరకలేదు. అప్పుడు ఎర్రయ్య తన పడవ తెరచాప తెచ్చాడు. అతనికి ముప్పై ఏళ్లుంటాయేమో, మెడమీద బరువు మోసిన కాయలు. ఆ చాప చెట్టు బెరడు కషాయంలో ఉడికిన ఎర్రటి గుడ్డ, ఉప్పు వాసన. గొంతు నా చెవిన పడకుండా తనే కట్టి వెనక్కి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా పరీక్ష మొదలైంది. మొదటి గొంతు బియ్యం ధరలు రాగం తీసి చదివింది. బస్తా అన్నచోట సాగదీసింది, అణాల దగ్గర గమకం. పేపరులో పంక్తి ఆగినచోటల్లా, వాక్యం సగంలో ఉన్నా సరే, పద్యపాదం ముగిసినట్టు ఆగింది. చెన్నపట్నంలో ఎవరో చేసిన ఉపన్యాసం కూడా అదే రాగం. వినేవాళ్లు తలలూపారు. ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండో గొంతు మామూలుగా చదివింది. ఒకచోట తడబడి, వెనక్కి వెళ్లి, మళ్లీ సరిగా చదివింది. ఉపన్యాసంలో పెద్దమనిషి పన్ను తగ్గించమన్న చోట పందిట్లో ఎవరో "ఔను మరి" అన్నారు. వినడమంటే అది.

"రెండో ఆయన" అన్నాను.

ఎర్రయ్య తెర పక్కనుంచి బయటికొచ్చాడు. కంచె అవతల ఈలలు. పందిట్లో ఎవరూ కదల్లేదు. పీట మీద ఎర్రయ్య, కింద చాప మీద నాయుడుగారు: ఆ బొమ్మ అందరి కళ్లకీ కట్టింది, నాకు తప్ప.

నాయుడుగారు గొంతు సవరించుకున్నారు. "మేస్టారి తీర్పుకి తిరుగులేదు. ఎర్రయ్యే సదువుతాడు. మాట మాటే." నేను పొంగిపోయాను. ఆయన తెర వైపు చెయ్యి చూపించారు. "అయితే అది తియ్యకండి. అలగే ఉండనీండి. ఆ ఎనకాల కూకుని సదువుతాడు. మేం ఇటు కూకుని ఇంటాం."

పందిరంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. "బాగుంది, బాగుంది" అన్నారు. ఓడిన జగన్నాథం కూడా నవ్వాడు. కరణంగారు నా భుజం తట్టి, "ఏమైనా చీనావాళ్ల పద్ధతి గొప్పది మేస్టారూ, ఎవరికీ నొప్పి లేదు" అన్నారు.

నేను అరిచాను. ఏమేమి అన్నానో అన్నీ గుర్తులేవు. న్యాయం చెయ్యడానికి కాసేపు కట్టిన తెరని మనిషిని పాతెయ్యడానికి వాడుతున్నారన్నాను. ఆ దూలం వాళ్లదేననీ, ముందు దాన్ని పీకి అప్పుడు తెర కట్టుకోమనీ అన్నాను. చేతిలో ఉన్న గొడుగు నేలకేసి కొడితే పుల్లలు విరిగాయి. వాళ్లు నావైపు జాలిగా చూశారు. అంత మంచి ఉపాయం దొరికినా కోపగించే మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకున్నారేమో, నాయుడుగారు మజ్జిగ తెప్పించారు.

ఎర్రయ్య నన్ను చూసి, "ఒగ్గేయండి బాబూ" అన్నాడు. పీట మీది పేపరు తీసుకుని, అరుగు దిగి, నేలమీద నిలబడి, కంచె వైపు తిరిగి చివరి పేజీ చదివాడు. రంగం రేవులో జ్వరాలు తగ్గాయనీ, మూసిన బియ్యం మిల్లులు తెరిచారనీ, కూలీల బారకాసుల్లో మళ్లీ మనుషుల్ని చేర్చుకుంటున్నారనీ. అందరికీ ముఖం కనబడేలా, గొంతెత్తి. ఒకామె ఏడ్చింది. "మరోపాలి సదవరా" అంటే ఆ ముక్క మళ్లీ చదివాడు.

తరవాత పేపరు పీట మీద పెట్టాడు. కట్లు విప్పి తెరచాప మడతపెట్టి భుజాన వేసుకున్నాడు.

"అదేటిరా, తెర?" అన్నారు నాయుడుగారు.

"ఇది నా పడవది బాబూ. తెల్లారితే ఏటకెల్లాల."

కంచె దాటి వెళ్లిపోయాడు. వెనక నూకమ్మ, మిగతా ఆడవాళ్లు.

తిరుగుదారి

పొద్దున్నే పేటకి వెళ్లాను. పడవలు అప్పటికే సముద్రం మీదున్నాయి. నూకమ్మ వలలు ఆరేస్తోంది. సముద్రదేవత పటం ఆమెకి ఇచ్చాను. "ఆ పేపరు మీకు నేను పంపుతాను" అన్నాను. "పంపండి బాబూ. మావోడు సదువుతాడు, ఈ ఇసకలోనే" అంది.

బండెక్కేటప్పుడు నాయుడుగారు పనసకాయలు పెట్టించారు. నా పటాల కట్ట నిమిరి చూసి, "గుడ్డ గట్టిదే. రెండు ఇచ్చెల్తే కలిపి కుట్టించీసి తెర సేసుకుంటాం మేస్టారూ" అన్నారు. ఆయన ముఖంలో వెటకారం లేదు. నిజంగానే అడిగారు. పనసకాయలు దింపించి వచ్చేశాను.

ఇంటికొచ్చిన వారమే, నేను చదివిన పత్రిక చుట్టి, పైన ఎర్రయ్య పేరు, జాలరిపేట అని రాసి టపాలో వేశాను. నిన్న అది వెనక్కి వచ్చింది. ఆ వైపు టపా దిగేది నాయుడుగారి వీధరుగు మీదే. "ఈ పేరుగల మనిషి లేడు" అని కరణంగారి గుండ్రటి చేతిరాత. పేరు దాచితే నెగ్గిన మనిషి, పేరు రాసేసరికి లేకుండా పోయాడు.

ఇందాకే మళ్లీ చుట్టాను. ఈసారి అతని పేరు ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను. ప్రతి వారం ఇలాగే పంపుతాను, ఎన్నిసార్లు తిప్పి పంపుతారో చూస్తాను.